లేని సరస్సుకి తూము

ఫిబ్రవరి 3, సోమవారం

హెడ్డుగారు మీటింగు పెట్టారు. ప్రతి టీచరూ తన సబ్జెక్టుకి ఆన్‌లైన్‌లో పది రిసోర్సులు వెతికి, లింకులతో సహా ఎక్సెల్ షీటులో నింపి శనివారంలోగా ఇవ్వాలట. పైనుంచి ఆర్డరు. పైనుంచి అంటే ఎవరని లెక్కల మేడమ్ అడిగితే, ఇంకా పైనుంచి అన్నారు.

నాది సోషల్. ఇరవై మూడేళ్ల సర్వీసు. గ్లోబు ఇరుసు విరిగిపోతే గొడుగు చువ్వ గుచ్చి భూమిని మళ్లీ తిప్పినదాన్ని. ఇప్పుడు కూర్చుని లింకులు ఏరాలి. ఏరతాను. ఆడలేక మద్దెల ఓడు అంటోందని రేపు నన్నెవరూ అనకూడదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

స్టాఫ్ రూమ్ కంప్యూటర్ ముందు రెండు పీరియడ్లు గడిచాయి. సోషల్ అని కొట్టాను. స్నేహితుల్ని వెతికిపెడతాం రమ్మన్నారు. టీచింగ్ అని చేర్చాను. అమ్మేవాళ్లు వచ్చారు. ఫ్రీ అని చేర్చాను. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడిగేవాళ్లు వచ్చారు. నా పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టర్‌లోనే తప్పుంది, వీళ్లకేం చెప్పను.

అయినా ఒప్పుకోవాలి. రెండు మూడు మంచివి దొరికాయి, ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో ఒక మ్యూజియం వాళ్లు పాత నాణేలను ఫొటోలు తీసి పెట్టారు. మౌసుతో తిప్పితే బొమ్మా బొరుసూ రెండూ కనిపిస్తాయి. ఇంకొకావిడ ఒక గిన్నెలో ఇసుక, ఒక గిన్నెలో నీళ్లు ఎండలో పెట్టి, గాలులు ఎందుకు దిక్కు మారతాయో ఆరు నిమిషాల్లో తేల్చేసింది. అదే పాఠానికి నేను పదేళ్లుగా నలభై నిమిషాలు తీసుకుంటున్నాను. ఆవిడ మీద కొంచెం కుళ్లుకున్నాను.

అన్నిటికన్నా వింత ఆఖరున దొరికింది. మా ఊరి పటం, అదీ కదిలే పటం. నది పారుతోంది, రైలు వెళ్తోంది, కొండ మీద మబ్బు కూడా ఉంది. ఊరికి తూర్పున గుండ్రంగా ఒక సరస్సు, నీలం రంగు, అలలు. ఒక పక్క గట్టు కొంచెం తెగి ఉంటే, అక్కడ తూము అని రాసి నీళ్లు బయటికి పోతున్నట్టు బాణం గుర్తు పెట్టారు. కింద తూర్పు సరస్సు అని పేరు.

యాభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. ఆ సరస్సు సంగతి నాకు తెలియదు. అది చూపించింది పాత మిల్లు వెనక, అటు నాకెప్పుడూ పని పడలేదు. కొత్తగా తవ్వారేమో, ఊరు ఎటు పెరుగుతోందో ఎవరికి తెలుసు అనుకున్నాను. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గేసి, దానికి లిస్టులో మొదటి నంబరు ఇచ్చాను.

ఫిబ్రవరి 6, గురువారం

ఎనిమిదో తరగతికి ఆ పటం స్క్రీన్ మీద చూపించాను. పిల్లలు నోళ్లు తెరిచారు. రైలు మళ్లీ వెయ్యమన్నారు, వేశాను.

రెండో బెంచీలో ఎందుకమ్మ లేచింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ దాంతో ఎవరికీ పని లేదు. ఏం చెప్పినా ఎందుకు టీచర్ అంటుంది గనక స్టాఫ్ రూమ్ అంతా కలిసి పెట్టిన పేరది. ఈసారి ఎందుకు అనలేదు. అక్కడ సరస్సు లేదు టీచర్, మా ఇల్లుంది అంది.

క్లాసంతా నవ్వింది. అయితే మీ ఇంటికి పడవలో వెళ్తావా అన్నారెవరో. నాకు టైమ్ అయిపోతోంది, స్క్రీన్ పక్క క్లాసుకి ఇవ్వాలి. ఇంత పెద్ద సంస్థవాళ్లు తెలియకుండా పెడతారా, కూర్చో అన్నాను.

కాసేపు అలాగే నిలబడింది. కూర్చో అని మళ్లీ అన్నాను. కూర్చుంది.

ఫిబ్రవరి 8, శనివారం

లిస్టు ఇచ్చేశాను. హెడ్డుగారు ఆఫీసు గది బయట బోర్డు మీద నన్ను స్మార్ట్ టీచర్ అని రాయించారు. చాక్‌పీసుతోనే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ రోజు జిల్లా టాలెంట్ టెస్టు. మా బడి నుంచి పదకొండు మంది రాశారు.

మా బడి ఎనిమిదితో సరి. ఈ టెస్టులో డెబ్భై ఆరు మార్కులు తెచ్చుకుంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా హాస్టలున్న పెద్ద స్కూల్లో సీటు. తెచ్చుకోకపోతే ఎందుకమ్మ సంగతి ఏమవుతుందో నాకు తెలుసు. వాళ్లమ్మ బట్టలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. ఆవిడ పక్క మిషను ఖాళీగా ఉందట. జూన్ దాకా ఎవరినీ కూర్చోబెట్టనని సూపర్‌వైజరు మాటిచ్చాడట. ఆ మాట ఆవిడ నాతో సంతోషంగానే చెప్పింది. పిల్ల కళ్లెదురుగా ఉంటుంది కదా టీచరమ్మా అంది. ఆవిడని నేనేమీ అనలేను.

బయటికి రాగానే ఎలా రాశావని అడిగాను. బాగా రాశాను టీచర్, ఒక ప్రశ్న తప్పుగా ఇచ్చారు, నేను దిద్దాను అంది.

మార్చి 12, బుధవారం, 10:15

రిజల్టు వచ్చింది. ఎందుకమ్మకి డెబ్భై నాలుగు.

మార్చి 12, మధ్యాహ్నం

ఆన్సరు పేపర్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆమెది తెరిచాను. ముప్పై ఒకటో ప్రశ్న, నాలుగు మార్కులు. మా ప్రాంతం పటం ఇచ్చి, తూర్పున గుండ్రంగా చూపినది ఏమిటో రాయమన్నారు. కీలో జవాబు తూర్పు సరస్సు.

ఎందుకమ్మ ఆ గుండ్రం లోపల చిన్న ఇల్లు గీసింది. తలుపు, కిటికీ, గుమ్మం పక్కన బకెట్టు. పక్కన రాసింది: ఇక్కడ సరస్సు లేదు. మా ఇల్లు, ఇంకా పదమూడు ఇళ్లు ఉన్నాయి.

ఎర్ర పెన్నుతో సున్నా పెట్టారు.

మిగతా పదిమందీ తూర్పు సరస్సు అని రాశారు. నాలుగుకి నాలుగు. స్క్రీన్ మీద నేను చూపించిందే రాశారు పాపం. నా మాట విన్నవాళ్లందరికీ మార్కులు వచ్చాయి, కళ్లతో చూసింది రాసిన పిల్లకి రాలేదు. తల కొట్టుకోవాలనిపించింది.

మార్చి 13, గురువారం

బడి వదిలాక ఎందుకమ్మ వెంట వెళ్లాను. స్టేషన్ రోడ్డు దాటి, మిల్లు గోడ పక్కనే నడిచి, గోడలో ఇటుకలు ఊడిన చోట వంగి దూరితే అవతల రెండు వరసల్లో ఇటుక ఇళ్లు. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు. మధ్యలో ఒక కుళాయి, దాని చుట్టూ బకెట్ల వరస. ఈ చివరి నుంచి ఆ చివరికి చెప్పులు దుమ్ము కొట్టుకుపోయేలా నడిచాను. కాలు తడవలేదు.

మంచం నేస్తున్న ఒక పెద్దాయన్ని, ఇక్కడ ఎప్పుడైనా సరస్సు ఉండేదా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తేవాళ్లం తల్లీ, సరస్సు ఎక్కడుందో చెబితే మేమూ వస్తాం అన్నాడు.

ఎందుకమ్మ వాళ్లమ్మ కుర్చీ తుడిచి వేసింది. రెండు మార్కులేగా, రాసిపెట్టి ఉండాలి లెండి అంది. రాసిపెట్టింది ఎవరో చూస్తాను అన్నాను. కోపంగా అన్నాననుకుంటాను, ఆవిడ భయపడింది.

వచ్చేటప్పుడు ఎందుకమ్మ గోడ దాకా వచ్చింది. ఆ రోజు ఎందుకు కూర్చోమన్నారు టీచర్ అని అడిగింది. టైమ్ అయిపోతోందమ్మా అన్నాను. అది నిజమే గానీ జవాబు కాదు. ఆమెకీ తెలుసు.

మార్చి 15, శనివారం, ఉదయం

ఈ సరస్సుని పుట్టించినవాడెవడో పట్టుకుంటాను. కీ మీద అభ్యంతరం పెట్టడానికి సోమవారం దాకా గడువుంది.

ఆరు చోట్ల ఉంది సరస్సు. కదిలే పటం సైట్లో, ఒక క్వశ్చన్ బ్యాంకులో, గైడు అమ్మేవాళ్ల దగ్గర, ఒక క్విజ్‌లో, ఎవరో మాస్టారి బ్లాగులో, నోట్సుల సైట్లో. తేదీలు చూసి కొత్తది ముందు, పాతది వెనక పేర్చుకున్నాను. గైడులో లోతు కూడా ఇచ్చారు, మూడు మీటర్లు. క్విజ్‌లో ఏ కాలంలో నిండుతుందని ప్రశ్న. వెనక్కి వెళ్లేకొద్దీ లోతు పోయింది, అలలు పోయాయి, పేరు పోయింది. నోట్సుల సైట్లో ఉత్త గుండ్రం, దాంట్లో నీలం రంగు. ఆ పటం కింద చిన్నక్షరాల్లో ఇంకో లింకు ఉంది. టీచర్లు తమ మెటీరియల్ ఉచితంగా పంచుకునే పాత పేజీ. తొమ్మిదేళ్ల కిందట ఎవరో పెట్టారు.

నొక్కాను. నెట్టు మెల్లగా ఉంది, పటం పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. చేత్తో వేసిన పటం. కొండ వచ్చింది. రైలు పట్టాలు వచ్చాయి. నది పేరు వచ్చింది. ఆ రాత నాది.

మార్చి 15, 11:20

అది సరస్సు కాదు. మా నాన్న టీ గ్లాసు.

మార్చి 16, ఆదివారం

రాయాలి. రాయకపోతే తోచదు.

నాన్న సర్వే ఆఫీసులో చైన్‌మన్. ముప్పై ఒక్క ఏళ్లు పొలాల్లో, రోడ్ల మీద కొలత గొలుసు లాగాడు. అమ్మ పోయాక మా ఇంటికొచ్చేశాడు. తొమ్మిదేళ్ల కిందట, మన ప్రాంతం పాఠానికి మంచి పటం ఒక్కటీ దొరకడం లేదని నేను గొణుగుతుంటే, వెతకడమెందుకు, వేసుకుందాం పద అన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి వారం రోజులు ఊరంతా తిరిగి, అంగలు లెక్కపెట్టుకుని వచ్చి చెప్పేవాడు. నేను ఇంకుతో గీసేదాన్ని. మిల్లు వెనక్కి నేను వెళ్లలేదు. ఆయనే వెళ్లాడు. పటం తప్పయితే కాళ్లు చెప్తాయమ్మా అనేవాడు.

పటం పూర్తయిన రోజు టీ తాగుతూ చూసుకుని మురిసిపోయి, గ్లాసు దాని మీదే పెట్టాడు. తూర్పు వైపు, సరిగ్గా ఆ చోట. ఆయన గ్లాసు అడుగున ఒక పక్క పెచ్చు ఊడి ఉంటుంది. మరక గుండ్రంగా పడింది, పెచ్చు ఊడిన చోట మాత్రం పడలేదు. అదే వాళ్ల తూము.

అరిచాను. ముప్పై ఏళ్లు భూమి కొలిచావు, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియదా అన్నాను. తువ్వాలుతో తుడవబోయాడు, వద్దని లాక్కున్నాను. ఆ సాయంత్రం ఇంక టీ అడగలేదు. మర్నాడు జిరాక్సు షాపులో స్కాన్ చేయిస్తే, లేత గీతలు కనిపించడం లేదని షాపువాడు నలుపు పెంచాడు. మరక కూడా నా గీతలంత నల్లగా వచ్చింది. అక్కడే నెట్టులో పెట్టించేసి వచ్చాను. ఒక్కసారి తెరిచి చూసుకోలేదు. ఇతరుల నోట్సులో తప్పులు పట్టడంలో నాకు పెట్టింది పేరు.

నాన్న పోయి నాలుగేళ్లు. నేను ఆయన మీద అరిచిన మరకని ఆరు సైట్లు అచ్చేసుకున్నాయి, టెస్టు వాళ్లు దానికి నాలుగు మార్కులు కట్టారు. నవ్వొచ్చింది. తరవాత ఏడ్చాను. ఇప్పుడు కోపం మిగిలింది, అదే పనికొచ్చేది.

మార్చి 17, సోమవారం

అభ్యంతరం పెట్టాను. తప్పు నాదేనని రాశాను. పంపేముందు హెడ్డుగారికి చూపించాలి, చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చదివారు. మీరు స్మార్ట్ టీచర్ కదమ్మా అన్నారు. ఆయన రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. ప్రశ్న తప్పని రాయండి, ఎవరి వల్ల తప్పో రాయకండి, మీ పటాన్నే మీ లిస్టులో మొదటి నంబరుగా నేను పైకి పంపించాను, నన్నూ అడుగుతారు అన్నారు. మింగలేక కక్కలేక ఉన్నారు.

పేరు లేకుండా తప్పు ఎలా ఉంటుందండీ, పిల్లలకి ఎవరు ఎప్పుడు ఎక్కడ అనేగా చెప్తున్నాం అన్నాను. ఆయన సంతకం పెట్టలేదు. ఆపనూ లేదు.

మార్చి 24, సోమవారం

జవాబు వచ్చింది. అభ్యంతరం తిరస్కరించబడినది. సదరు సరస్సు ఉనికిని ఆరు ఆన్‌లైన్ ఆధారాలు ధ్రువీకరిస్తున్నవి.

నా ఆరుగురు పిల్లలు నా మీదే సాక్ష్యం చెప్పారు.

మార్చి 25, మంగళవారం

ఇంట్లో ఈయన కాగితం చదివి, కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఆ పిల్ల తల్లే ఊరుకుంది కదా అన్నారు. ఇక్కడ కంద నేనేనండీ అన్నాను. పేపరు మడిచి పెట్టేసి, అయితే ఎప్పుడు వెళ్దాం అన్నారు. ఈ మనిషిలో నాకు నచ్చేది ఇదే, ఓడిపోవడానికి ఎక్కువసేపు తీసుకోరు.

అసలు పటం కావాలి. రెండు రోజులుగా బీరువాలు తిరగేస్తున్నాను. అత్తగారు మంచం మీద కూర్చుని చూస్తూ, దేనికోసమో చెప్పవచ్చుగా అమ్మాయ్ అన్నారు. చెప్పాను. అదా అని లేచి, తన ట్రంకు పెట్టెలో చీరలన్నీ తీయించారు. అడుగున పరిచి ఉంది, బోర్లా. మందంగా ఉంది, ఎలుకలకి అడ్డం పనికొస్తుందని వేశాను అన్నారు. గ్లాసు కూడా ఆవిడ దగ్గరే ఉంది. అందులో గుండీలు పోసుకున్నారు. అన్నయ్యగారు పోయాక అందులో ఎవరికీ టీ పొయ్యలేదు, పొయ్యబుద్ధి కాలేదు అన్నారు. వియ్యపురాలూ వియ్యంకుడూ రోజూ టీలో పంచదార గురించి పోట్లాడుకునేవారు. నేనింకా వాళ్లకి పడదనుకున్నాను.

పటం కిటికీ దగ్గర పరిచాను. రోడ్ల వెంట నాన్న పెన్సిలుతో వేసుకున్న అంకెలు. స్టేషను నుంచి మిల్లుకి అంగలు 1140. స్కానులో ఇవేవీ రాలేదు, పెన్సిలు లేత. భూతద్దం పెట్టి టీ మరక లోపల చూశాను.

ఇళ్లు 14.

నాన్న రాసే ఉన్నాడు. దాని మీదే గ్లాసు పెట్టాడు. స్కానువాడు పెన్సిలు వదిలేసి టీ ఉంచాడు.

మార్చి 28, శుక్రవారం

టెస్టు ఆఫీసరు గది. నేను, ఈయన, సంచిలో గ్లాసు, చుట్టిన పటం. అత్తగారు గ్లాసుకి రెండు చేతిరుమాళ్లు చుట్టి, పగిలితే ఇంటికి రావద్దన్నారు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. తీరిక లేనివాడు. ఆరు ఆధారాలున్నాయి మేడమ్ అన్నాడు. ఆరూ నావే సార్ అని ఒకదాని కింద ఒకటి తేదీలు చూపించాను. నెట్టులో ఉన్న పటం మీరు వేసిందే అనడానికి రుజువేమిటన్నాడు. పటం విప్పాను. ఇది మరకో, మీరు వేసిన సరస్సో ఎలా చెప్పగలం అన్నాడు.

అప్పుడే అటెండరు ఆయనకి టీ తెచ్చాడు. ఒక్క నిమిషం ఇస్తారా సార్ అని, ఆయన కప్పులో టీ నాన్న గ్లాసులోకి వంచాను, పొర్లి అడుగు తడిసేదాకా. ఆయన నాకు పంపిన తిరస్కారం కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద గ్లాసు పెట్టి, తీశాను. సరస్సు వచ్చింది. తూముతో సహా.

గ్లాసు తుడిచి పటం మీది మరక మీద పెట్టాను. పెచ్చు దగ్గర పెచ్చు, గుండ్రం మీద గుండ్రం. అటెండరు నవ్వాడు, ఆఫీసరు చూస్తే మానేశాడు.

ఆఫీసరు భూతద్దం తెప్పించుకుని పెన్సిలు రాత చదివాడు. ఆ పిల్ల ఆన్సరు పేపరు తెప్పించాడు. మా ఇల్లు, ఇంకా పదమూడు ఇళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టాడు, పదమూడుకి ఒకటి కలపడానికి. పేపరుని పటం పక్కన పెట్టాడు. తరవాత, తప్పు మీదని రాతపూర్వకంగా ఇస్తే మీ మీద చర్య ఉంటుంది, తెలుసా మేడమ్ అని మెల్లగా అడిగాడు. ఇచ్చేశాను సార్, పదిహేడో తేదీనే అన్నాను.

పటం ఆధారంగా ఫైల్లో ఉంచాలన్నాడు. ఉంచుకోమన్నాను. నాన్న చేతిరాతతో నా దగ్గరున్నది అదొక్కటే, ఇచ్చేటప్పుడు వేళ్లు వదల్లేదు. గ్లాసు కూడా అన్నాడు. గ్లాసు ఇవ్వను, మా అత్తగారిని అడగండి అన్నాను. ఈయన గోడ వైపు తిరిగారు, నవ్వు దాచుకోవడానికి.

ఏప్రిల్ 9, బుధవారం

ప్రశ్న రద్దు. జవాబు ఏం రాసినా సరే, ఆ ప్రశ్న రాసినవాళ్లందరికీ నాలుగు మార్కులు. ఎందుకమ్మకి డెబ్భై ఎనిమిది.

బడి అయ్యేదాకా ఆగలేక లంచ్ బెల్లులోనే పిలిచి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. సరస్సు అని రాసినవాళ్లకీ నాలుగు, నాకూ నాలుగేనా, ఎందుకు టీచర్ అంది.

ఈ పిల్లతో వేగలేం. ఆమె అడిగింది నిజం. సీటు వచ్చిందే అమ్మా, ముందు నవ్వు అన్నాను. అప్పుడు నవ్వింది.

ఏప్రిల్ 10, గురువారం

షెడ్డులో ఆ మిషను మీద ఇంకెవరినో కూర్చోబెట్టమని వాళ్లమ్మ సూపర్‌వైజరుతో చెప్పేసిందట. చెబుతూ ఏడ్చింది. ఎందుకో నేను అడగలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

మెమో వచ్చింది. సరిచూడని సమాచారాన్ని ఇంటర్నెట్‌లో ఉంచి విద్యార్థులను తప్పుదోవ పట్టించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. హెడ్డుగారు నా చేతికిస్తూ నేల చూశారు. బోర్డు మీద స్మార్ట్ టీచర్ చెరిపేశారు, సగమే చెరిగింది.

సంజాయిషీ అక్కడే నిలబడి రాసిచ్చాను: నిజమే. తొమ్మిదేళ్లు ఆలస్యంగా సరిచూశాను.

పెద్దగా రాయండమ్మా, క్షమించండి లాంటిది ఏదైనా కలపండి అన్నారు హెడ్డుగారు. క్షమాపణ ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పాను సార్ అన్నాను. నిన్ననే, క్లాసులో, అందరి ముందూ చెప్పాను. ఆ రోజు ఎందుకమ్మని కూర్చోబెట్టడం నా తప్పు అన్నాను. వెనక బెంచీల వాళ్లు ఎక్కడ చూడాలో తెలియక పుస్తకాలు తెరుచుకున్నారు, మామూలుగా చెప్పినా తెరవనివాళ్లు.

ఆ ఆరు సైట్లకీ ఉత్తరాలు రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. వాళ్లకెవరూ మెమో ఇవ్వరు. సరస్సుకి తూము పెట్టినవాడికి ఈపాటికి ప్రమోషన్ వచ్చే ఉంటుంది.

ఏప్రిల్ 20, ఆదివారం

కొత్త పటం. ఎనిమిదో తరగతి మొత్తం పోయిన రెండు ఆదివారాలు ఊరంతా నడిచి లెక్కపెట్టింది. స్టేషను నుంచి మిల్లుకి 1140 రాలేదు, 1390 వచ్చింది. మా నాన్న పొడుగు మనిషి, పిల్లల కాళ్లు చిన్నవి. ఎందుకు తేడా వచ్చిందో వాళ్ల చేతే చెప్పించాను. స్కేలు పాఠం ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. గిన్నెలావిడ కూడా చెప్పలేదనుకుంటాను.

ఈసారి నేనే స్కాన్ చేయించి, పెంచి, కుదించి, భూతద్దం పెట్టి చూసి, అదే పాత పేజీలో పెట్టాను. కింద రాశాను: పాత పటంలో తూర్పున ఉన్న గుండ్రం మా నాన్న టీ గ్లాసు మరక. అక్కడ పద్నాలుగు ఇళ్లున్నాయి. ఇది కూడా వెళ్లి చూసుకున్నాకే నమ్మండి.

ఇప్పటిదాకా చూసినవాళ్లు ముగ్గురు. ఒకటి నేను, ఒకటి ఈయన. మూడోది ఎవరో.

జూన్ 27, శుక్రవారం

హాస్టలు నుంచి ఉత్తరం. అక్కడి సోషల్ టీచర్ స్క్రీన్ మీద మన ప్రాంతం పటం వేశారట. నది, రైలు, సరస్సు.

ఎందుకమ్మ లేచిందట. కూర్చోమన్నారట.

కూర్చోలేదట.